ఇంటికప్పుమీది ఎండ: పంచాయతీ సభ్యులకు ఒక వేసవి పాఠము

రోహిణికార్తెలో రోళ్లు పగులునని పెద్దల మాట. మన ప్రాంతములవారికి వేసవి కొత్తది కాదు. దానితో ఎట్లు కాపురము చేయవలెనో మన తాతముత్తాతలకు బాగుగా తెలియును. మిట్టమధ్యాహ్నము తలుపులు మూసికొని ఇంటిపట్టున నుండుట, సాయంకాలము వాకిట నీళ్లు చల్లి నులకమంచము వాల్చుట, ఆ ఎండలోనే మిరపకాయలు, చింతపండు, ఒడియములు ఎండబెట్టి సంవత్సరమునకు సరిపడ దాచుకొనుట, ఇదంతయు తాటాకు ఇండ్లలో, గూనపెంకుల ఇండ్లలో, మట్టిమిద్దెలలో నివసించుచు వారు సంపాదించిన విద్య. ఇప్పుడు ఆ ఇండ్లు మారుచున్నవి. పెంకు దిగి స్లాబు పడుచున్నది. పూరికప్పు పోయి రేకు వచ్చుచున్నది. కప్పు మారినప్పుడు ఇంటిలోని వేసవియు మారును. పాత విద్యలో ఏది నిలుచును, ఏది నిలువదు, కొత్తగా నేర్చుకొనవలసినది ఏమి అనునదియే ఈ వ్యాసమునకు విషయము.

ఇది కేవలము సుఖమునకు సంబంధించిన ముచ్చట కాదు. 2015వ సంవత్సరము మే నెలలో వీచిన వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రములలో కలిపి వేయిమందికి పైగా మరణించిరి. ఎండలో పనిచేయు కూలీలే కాక, ఇల్లు కదలలేని వృద్ధులును ఇట్టి వడగాలులకు బలియగుచున్నారు. తెలంగాణ ప్రభుత్వము 2025 ఏప్రిలు నెలలో వడదెబ్బను రాష్ట్రమునకు ప్రత్యేకమైన విపత్తుగా ప్రకటించి, మరణించినవారి కుటుంబమునకు ఇచ్చు సహాయమును నాలుగు లక్షల రూపాయలకు పెంచినది. ఆ సహాయము కుటుంబమునకు అందునట్లు చూచుట పంచాయతీ సభ్యుల బాధ్యతయే. కాని ఆ దరఖాస్తు వ్రాయవలసిన అవసరము రాకుండ చేయుట అంతకంటె పెద్ద బాధ్యత. తెలంగాణములో 2025 డిసెంబరులో ఎన్నికై వచ్చిన సభ్యులలో అనేకులు ఈ పనికి కొత్తవారు. వారిని దృష్టియందుంచుకొని ఈ సంగతులను కొంత వివరముగా చెప్పుచున్నాము.

మదీనాగూడ చెప్పు సంగతి

హైదరాబాదునుండి ముంబయి పోవు రహదారిమీద, మియాపూరునకును చందానగరునకును సమీపమున మదీనాగూడ యున్నది. రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలములోని ఒక గ్రామముగా రెవిన్యూ లెక్కలలో దాని పేరు కనబడును. 1998 నవంబరులో మాదాపురము దగ్గర సైబర్ టవర్స్ ప్రారంభమైనది. 2007లో శేరిలింగంపల్లి పురపాలకసంఘము హైదరాబాదు మహానగర పాలకసంస్థలో కలిసినది. 2017 నవంబరులో మియాపూరునకు మెట్రోరైలు వచ్చినది. ఈ కాలములోనే మదీనాగూడ గ్రామలక్షణములు చాలవరకు పోయి, బహుళ అంతస్తుల నివాసములతోను, దుకాణములతోను, వాహనములతోను నిండిన పట్టణభాగమైనది. గ్రామమైననాటి చెరువుల పేర్లు మాత్రము కాలనీల నడుమ ఇంకను వినబడుచున్నవి.

హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున యున్న పీఠభూమి. ఇచ్చట 1966 జూన్ 2వ తేదీన 45.5 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైనది. సామాన్యముగా మే నెలలో పగటి వేడిమి 39 డిగ్రీల ప్రాంతమున, రాత్రి వేడిమి 26 డిగ్రీల ప్రాంతమున నుండును. ఈ రెంటి మధ్యనున్న పదమూడు డిగ్రీల తేడాయే పీఠభూమివాసులకు ప్రకృతి యిచ్చిన వరము. పగలు ఎంత కాగినను, రాత్రి ఆరుబయట పండుకొన్నవానికి తెల్లవారుజామున దుప్పటి వెదకుకొనవలసి వచ్చెడిది.

పట్టణము ఈ వరమును కోల్పోవుచున్నది. స్లాబు, తారురోడ్డు, ఇంటిచుట్టు పరచిన సిమెంటు, ఇవన్నియు పగలంతయు ఎండను త్రాగి రాత్రి వేడిగా కక్కును. చెట్టు లేనందున నీడ లేదు. మట్టి కనబడనందున తేమ లేదు. గదిలోని వేడిని తీసి వీధిలోనికి నెట్టు ఏ.సి. యంత్రములు కొనగలవానికి చల్లదనము నిచ్చి, కొనలేని పొరుగువానికి మరికొంత వేడి నిచ్చుచున్నవి. మదీనాగూడలో నాలుగవ అంతస్తున ఏ.సి. గదిలో కూర్చున్న ఉద్యోగికి వేసవి అనగా కరెంటు బిల్లు. అదే వీధిలో కాపలాదారుని రేకుల గదిలో వేసవి అనగా నిద్రలేని రాత్రి.

మీ గ్రామము మదీనాగూడ వలె ఎన్నడును కాకపోవచ్చును. కాని మీ గ్రామములో పడుచున్న కప్పులు మదీనాగూడ కప్పులే. 2024 మార్చిలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకము క్రింద స్వంతస్థలము గల పేదకుటుంబమునకు ఐదు లక్షల రూపాయల సహాయము నిర్ణయింపబడినది. ఆ ఇంటికి స్లాబు పడును. వానకు కారని, గాలికి ఎగరని, నిప్పుకు అంటుకొనని స్లాబు పేదవానికి గొప్ప రక్షణ యనుటలో సందేహము లేదు. వేసవి విషయములో మాత్రము దానికి కొంత శిక్షణ కావలెను.

కప్పుమీద పడునది ఎంత?

ఏప్రిలు, మే నెలలలో మన ప్రాంతమున ఒక చదరపు మీటరు స్థలముపై ఒక దినమున పడు సూర్యశక్తిని కరెంటు లెక్కలో చెప్పినచో ఆరు యూనిట్లకు మించును. నాలుగు వందల చదరపు అడుగుల కప్పనగా సుమారు ముప్పది ఏడు చదరపు మీటర్లు. కావున ఆ చిన్న ఇంటి కప్పుపై దినమునకు 220 యూనిట్ల శక్తి కురియుచున్నది. గృహజ్యోతి పథకమునందు ఉచితవిద్యుత్తునకు నెలకు విధించిన పరిమితి 200 యూనిట్లు. ఒక నెల విద్యుత్తునకు మించిన శక్తి ఒక్క పగటిలో మన నెత్తిమీద పడి పోవుచున్నదన్నమాట.

బూడిదరంగు సిమెంటు కప్పు తనమీద పడిన దానిలో ఇంచుమించు మూడింట రెండు వంతులు పీల్చుకొనును. అందులో చాలభాగము గాలికి పోవును; మిగిలినది స్లాబులోనికి దిగి గదిలోనికి వచ్చును. ఇచ్చట సభ్యులు ఒక భేదమును గుర్తింపవలెను. ఎండ వేరు, వేడిమి వేరు. ఎండ వెలుగుగా వచ్చును. ఏదైన వస్తువు దానిని పీల్చుకొన్నప్పుడే అది వేడిగా మారును. తెల్లని వస్తువు దానిని వెనుకకు త్రిప్పి పంపును, నల్లనిది మ్రింగును. చల్లగా నుండవలసినదానిపై తెలుపు, వేడెక్కవలసినదాని క్రింద నలుపు - వేసవిలో ఇంటి యజమాని తెలిసికొనవలసిన శాస్త్రములో సగము ఇదియే.

స్లాబునకును రేకునకును స్వభావములో భేదము కలదు. నాలుగైదు అంగుళముల స్లాబు నెమ్మదిగా వేడెక్కును. మధ్యాహ్నము పన్నెండు గంటలకు దానిపై పడిన ఎండ గదిలోనివారికి మూడు నాలుగు గంటల తరువాతగాని పూర్తిగా తెలియదు. పిదప రాత్రి చాలసేపటివరకు అది వేడిని విడుచుచునే యుండును. కనుకనే స్లాబు ఇంటివారు రాత్రి మిద్దెమీదికి ఎక్కుదురు. రేకు ఇందుకు విరుద్ధము. పది గంటలకే కాలును. మధ్యాహ్నము రెండు గంటలకు దాని క్రింద కూర్చున్నవాడు పొయ్యిమీది మూకుడు క్రింద కూర్చున్నట్లే. సూర్యుడు క్రుంకిన కొంతసేపటికి చల్లబడును. కనుకనే రేకుల ఇంటివారు పగలు వేపచెట్టు క్రిందికి పోవుదురు.

ఈ అలవాట్లలో తెలివి కలదు. కాని చెట్టుక్రిందికి నడువలేని ముసలివారు, మెట్లు ఎక్కలేని బాలెంత, మంచము దిగలేని రోగి, వీరు ఏమి చేయవలెను? గ్రామములో రేకుల ఇండ్లలో పగలు ఒంటరిగా నుండు వృద్ధులు ఎందరు, స్లాబు ఇండ్లలో రాత్రి ఆరుబయట పండుకొనలేనివారు ఎందరు అను రెండు లెక్కలు పంచాయతీవద్ద ఉండవలెనని మేము కోరుచున్నాము. మొదటివారికి ప్రమాదము పగలు, రెండవవారికి రాత్రి. ఇద్దరికిని ఒకే సలహా చెప్పిన పనికిరాదు. ఆశాకార్యకర్త, అంగన్‌వాడి టీచరు, వార్డుసభ్యుడు కలిసి కూర్చున్నచో ఒక పూటలో ఈ పట్టిక తయారగును.

తెల్లకప్పు

కప్పును తెల్లబరచుట కొత్త యుక్తి కాదు. పండుగలకు గోడలకు సున్నము కొట్టుట మన ఆచారమే. దానిని కప్పుమీదికి ఎక్కించుటయే చేయవలసినది. శ్రద్ధగా రెండు మూడు పూతలు పూసిన కొత్త సున్నము తనపై పడిన ఎండలో ఇంచుమించు ముప్పాతికభాగము వెనుకకు పంపును.

దీని ఫలితమును మన హైదరాబాదులోనే కొలిచి చూచిరి. గచ్చిబౌలిలోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక విజ్ఞానసంస్థ (ట్రిపుల్ ఐటి) వారును, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలవారును కలిసి హైదరాబాదు ప్రాంతములోని వాణిజ్యభవనములపై జరిపిన పరిశోధన ఫలితములు 2012లో ప్రకటింపబడినవి. వట్టి కాంక్రీటు కప్పుపై తెల్లపూత వేసినప్పుడు చల్లదనము కొరకు అగు విద్యుత్తు 10 మొదలు 19 శాతము వరకు తగ్గినది. కప్పు అంతకుముందు నల్లనిదైనచో తగ్గుదల 14 మొదలు 26 శాతము వరకు కలదు. ఇది ఏ.సి. గల పెద్ద భవనముల మాట. పేదల ఇండ్ల విషయమున మరియొక ప్రయత్నము జరిగినది. 2017లో హైదరాబాదులోని దేవరకొండ బస్తీలో ఇరువది యైదు ఇండ్ల కప్పులపై ఎండను త్రిప్పికొట్టు తెల్లని పొరను పరచి చూడగా, అట్టి పొరలేని ఇండ్లకంటె వానిలో వేడిమి సగటున రెండు డిగ్రీలు తక్కువగా నుండెను.

రెండు డిగ్రీలేనా యని కొందరు పెదవి విరువవచ్చును. జ్వరము వచ్చినవాని ఒంటికిని రానివాని ఒంటికిని మధ్యనున్న తేడా కూడ అంతియే. రంగులు అమ్మువారు కొందరు పది డిగ్రీలు తగ్గునని చెప్పుచున్నారు. కప్పు పైభాగము చేతికి తగులు వేడిలో అంతయు, అంతకు మించియు తగ్గవచ్చును. గదిలోని గాలి అంత తగ్గదు. ఈ రెండు లెక్కలను కలిపి చెప్పువారివద్ద సభ్యులు జాగ్రత్తగా బేరము చేయవలెను.

తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిలులో చల్లని కప్పుల విధానమును ప్రకటించినది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచవలెనని, అందులో 200 హైదరాబాదు ప్రాంతమునను, 100 మిగిలిన రాష్ట్రమునను ఉండవలెనని దాని ఉద్దేశము. ప్రభుత్వ భవనములకు, వాణిజ్య భవనములకు దీనిని తప్పనిసరి చేసి, ఆరు వందల చదరపు గజములకు లోబడిన స్థలములలోని నివాసములకు యజమాని ఇష్టమునకు విడిచిరి. చదరపు మీటరునకు సుమారు మూడు వందల రూపాయలు ఖర్చగునని ఆనాడు చెప్పబడినది. పైన చెప్పిన చిన్న ఇంటికి ఆ లెక్కన పదకొండు వేల రూపాయలు కావలెను. కూలిచేసికొను కుటుంబమునకు ఇది భారమే. సున్నపుపూత ఇందులో స్వల్పభాగముతో పూర్తియగును. కాని వానకు కొట్టుకొనిపోవును గనుక ప్రతి సంవత్సరము వేయవలెను. ఇల్లు కట్టుచున్నప్పుడే తెల్లని పింగాణి పలకల ముక్కలను కప్పుపై పరచినవారికి చాల సంవత్సరముల వరకు ఈ చింత ఉండదు. పగిలిన ముక్కలు పలకల దుకాణములలో చవుకగా దొరకునప్పుడు అడిగి తెచ్చుకొనవచ్చును.

సున్నపుపూతకు కొన్ని మెలకువలు కలవు. కప్పుమీది దుమ్మును, నాచును చీపురుతో గీకి కడుగవలెను. పగుళ్లు ఉన్నచో ముందు సిమెంటుతో పూడ్పవలెను. పూత పగులును దాచును గాని మాన్పదు. రాళ్లసున్నమును ముందురాత్రియే నీళ్లలో పోసి విరియనీయవలెను. అది కుతకుత ఉడుకును గనుక పిల్లలను దరికి రానీయరాదు. ప్లాస్టిక్ తొట్టిలో పోయరాదు. మరునాడు గుడ్డలో వడగట్టి, అంటుకొని నిలుచుటకై కొంచెము జిగురు కలుపవలెను. ఎండిన కప్పు పూతలోని నీటిని ఒక్కసారి పీల్చి దానిని పొడిగా రాలగొట్టును గనుక, పూతకు ముందు కప్పును తడుపవలెను. చల్లని వేళ పూయుట మేలు. చిక్కగా ఒక్కపూత వేయుటకంటె పలుచగా మూడు పూతలు వేయుట మంచిది. సున్నపునీరు కంటిలో పడినచో చూపునకే ప్రమాదము. పనివాడు కండ్లద్దములు పెట్టుకొనవలెను. పొరపాటున పడినచో మంచినీటితో చాలసేపు కడిగి వైద్యునివద్దకు పోవలెను.

రేకుల ఇంటికిని ఈ పూత పనిచేయును. రేకు వెంటనే వేడెక్కునట్టిది గనుక ఫలితమును పూసిన మధ్యాహ్నమే తెలిసికొనవచ్చును. అయితే సిమెంటు రేకుమీదికి ఎక్కినచో విరిగి పడుదురు. నిచ్చెనమీదనుండియో, అడ్డముగా పలక వేసియో పూయవలెను. రేకుక్రింద జానెడు ఖాళీ విడిచి వెదురుతడక గాని, ఈతచాప గాని కట్టినచో మరింత మేలు. రేకులపై సొరపాదునో, బీరపాదునో ప్రాకించుట మన అమ్మమ్మలు చేసినదే. అంట్లు తోమిన నీళ్లు పాదునకు చాలును. నీడయు కూరయు రెండును లభించును. స్లాబుపై గోనెపట్టాలు పరచి రోజంతయు తడుపుట కొందరి అలవాటు. అది చల్లబరచుట నిజమే గాని, బోరు ఎండిపోవు నెలలో ఆ నీటిని కప్పుపై పోయుట న్యాయమని మాకు తోచదు.

ఎండను పనికి పెట్టుట

కప్పు తెల్లబడిన తరువాత, మిగిలిన ఎండను ఏమి చేయవలెను? ఒడియముల పిండి ఎంత జారుగా నుండవలెనో, ఆవకాయముక్క ఎంతసేపు ఆరవలెనో మన గృహిణులకు ప్రచారశాఖవారు పాఠము చెప్పనక్కరలేదు. మామిడి ఒరుగులు, చల్లమిరపకాయలు, అప్పడములు, మామిడితాండ్ర, ఎండిన గోరుచిక్కుడు, వీనిని చేయుచున్న చేతులకు సూక్ష్మజీవులు నీరులేక బ్రతుకజాలవను సంగతి పేరు తెలియకయే తెలియును. మదీనాగూడవంటి చోట్ల అపార్టుమెంటు మిద్దె అందరిదియు గనుక ఎవ్వరిదియు కాక, నీటితొట్లతోను తాళముతోను నిండిపోవుచున్నది. ఒడియములు అంగడిలో కొనుచున్నారు. గ్రామగృహిణికి కప్పు ఇంకను తనదే. ఆ సౌకర్యమును గ్రామసంఘముల స్త్రీలు అమ్మకమునకు కూడ ఉపయోగించుకొనవచ్చును.

రెండు మాటలు మాత్రము చెప్పెదము. సున్నపుకప్పుపై నేరుగా ఏదియు పోయరాదు. పట్టా పరచి, దుమ్మును ఈగలను ఆపుటకు పలుచని నూలుగుడ్డ కప్పవలెను. వేరుసెనగలను, మిరపకాయలను రాత్రి మంచులో విడువరాదు. సగము ఎండి మరల తడిసిన గింజలలో పట్టు బూజు విషమును పుట్టించును. అది కాలేయమునకు చేటు. బూజు పట్టినదానిని కడిగి వాడినను విషము పోదు.

అంతగా తెలియని ఉపాయము ఒకటి కలదు. మదీనాగూడనుండి ముంబయి రహదారి వెంట ముందుకు పోయినచో పటాన్‌చెరువు వచ్చును. అచ్చట 1972లో స్థాపితమైన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనాసంస్థ, ఇక్రిశాట్, కలదు. కందులను పాలిథిన్ సంచులలో పోసి ఎండలో ఉంచినచో పుచ్చుపురుగు రాకుండునని ఆ సంస్థ శాస్త్రజ్ఞులు 2002లో ప్రకటించిరి. కారణము సులభము. పురుగు, దాని గ్రుడ్డు, గింజలోపలి పిల్ల, ఇవన్నియు 57 డిగ్రీల వేడిలో గంటసేపున్నచో చచ్చును. మన ఎండ బయట 42 డిగ్రీలే యైనను, పారదర్శకమైన పాలిథిన్ క్రింద అంతకు మించి వేడెక్కును. ఇంటిలో చేసికొనదలచినవారు నల్లని పట్టా పరచి, దానిపై బాగుగా ఎండిన కందులను, పెసలను అంగుళమునకు మించని మందమున పోసి, పైన తెల్లని పారదర్శకపు పాలిథిన్ కప్పి, అంచులపై రాళ్లు పెట్టి, మిట్టమధ్యాహ్నమున రెండు మూడు గంటలు ఉంచవలెను. గింజలు పూర్తిగా చల్లారిన పిదప మూత బిగియు డబ్బాలలో పోయవలెను. తడిగింజలకు ఇది పనికిరాదు, ఉడికిపోవును. విత్తనముకొరకు ఉంచినవైనచో పిదప గుప్పెడు గింజలను తడిగుడ్డలో కట్టి మొలక చూచికొనుట మంచిది. పురుగుమందు బిళ్లలను తిండిగింజలలో పెట్టి, ఆ గదిలోనే పండుకొని ప్రాణము మీదికి తెచ్చుకొనుటకంటె ఈ పని ఎంత సురక్షితమో చెప్పనక్కరలేదు. 

కరెంటు పలకలను గూర్చియు కొంత చెప్పవలెను. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన పీఎం సూర్యఘర్ పథకము 2026-27 ఆర్థికసంవత్సరము వరకు అమలగునట్లు నిర్ణయింపబడినది. అందు ఒక కిలోవాటు సౌరఫలకములకు 30,000, రెంటికి 60,000, మూడు గాని అంతకు మించి గాని పెట్టుకొనిన 78,000 రూపాయల సబ్సిడీ కలదు. కప్పుపై జరిగిన ప్రతి ఏర్పాటునకు స్థానికసంస్థకు 1,000 రూపాయల ప్రోత్సాహకము కూడ పథకములో చేర్చబడినది. నాగర్‌కర్నూలు జిల్లా కొండారెడ్డిపల్లిలో 2025లో ఊరిలోని ఇండ్లపై ఇట్టి ఫలకములు అమర్చబడినవి. ఒక కిలోవాటుకు పది చదరపు మీటర్ల స్థలము కావలెను. దినమునకు సుమారు నాలుగు యూనిట్లు వచ్చును. ఇచ్చటను ఎండ వేరు, వేడిమి వేరు అను మాట నిజమగును. ఫలకము 25 డిగ్రీలకు మించి వేడెక్కిన కొలది ఒక్కొక్క డిగ్రీకి దాని ఉత్పత్తి నూటికి మూడవ వంతు మొదలు అరవంతు వరకు తగ్గుచుండును. దానికి కావలసినది వెలుగేగాని కాక కాదు.

చిన్న ఇంటిపై మూడు కిలోవాట్లు పెట్టినచో కప్పు నిండిపోవును. పండుకొనుటకు, ఎండబెట్టుటకు చోటుండదు. ఏడెనిమిది అడుగుల ఎత్తున చట్రము కట్టించినచో క్రింద నీడయు, పైన కరెంటును కలిసివచ్చును. చట్రమునకు ఖర్చు ఎక్కువ. నెలకు రెండు వందల యూనిట్లు ఉచితముగా పొందుచున్న కుటుంబము ఈ ఖర్చును ఎందుకు పెట్టవలెనని అడిగినచో, అది న్యాయమైన ప్రశ్నయే. మొదట పంచాయతీ కార్యాలయము, నీటిమోటారు గల చోటు, ఎక్కువ బిల్లు వచ్చు ఇండ్లు, ఈ క్రమమున ఆలోచించుట ఉచితమని మా అభిప్రాయము.

ఇంటిలోపల

ఉదయము తొమ్మిది గంటలకే కిటికీలు మూసి, సూర్యుడు క్రుంకి బయటిగాలి చల్లబడిన తరువాత తెరచుట పాతపద్ధతి. అది స్లాబు ఇంటికిని తగినదే. పడమటివైపు గోడకు ఎండ తగులకుండ పందిరియో, చెట్టో ఉండవలెను. కిటికీకి లోపల కట్టిన తెరకంటె బయట వ్రేలాడదీసిన తడక మేలు. లోపలి తెరను చేరిన ఎండ అప్పటికే ఇంటిలోనికి వచ్చినదే గదా. మన వేసవిగాలి పొడిగాలి గనుక తడి పనిచేయును. ఒక లీటరు నీరు ఆవిరియగుటకు యూనిటులో మూడింట రెండు వంతుల వేడిని తనతో తీసికొనిపోవును. రంజనులో నీరు చల్లబడుట, వట్టివేళ్ల తడిక చల్లగాలి నిచ్చుట ఇందువలననే. కూలరు పెట్టిన గదిలో ఎదుటి కిటికీ తెరచి యుంచవలెను. మూసిన గదిలో తేమ నిండి, చెమట ఆరక, మొదటికే మోసము వచ్చును.

గదిలో వేడిమి నలువది డిగ్రీలకు మించినప్పుడు పంకాగాలి ఒంటిని చల్లబరుపక కాల్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థ హెచ్చరించుచున్నది. అట్టివేళ ముసలివారికి తడిగుడ్డతో ఒళ్లు తుడుచుట, తడిబట్ట కప్పుట పంకాకంటె ముఖ్యము. మిద్దెమీద పండుకొనువారు పిట్టగోడ ఉన్నదో లేదో చూచుకొనవలెను. నిద్రలో లేచి నడచు పిల్లలను అంచువైపు పండుకొనబెట్టరాదు.

మజ్జిగ, అంబలి, ఉప్పు చక్కెర కలిపిన నీరు మన ఇండ్లలో ఉన్నవే. లీటరు మంచినీటికి ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు అను కొలతను పాఠశాల గోడపై వ్రాయించినచో మంచిది. మాట తడబడుట, తెలివితప్పుట, ఒళ్లు పెనమువలె కాలుట వడదెబ్బ గుర్తులు. వెంటనే 108కి ఫోనుచేసి, బండి వచ్చులోగా రోగిని నీడకు చేర్చి, బట్టలు సడలించి, ఒళ్లంతయు తడిపి విసరుచుండవలెను. మంచుగడ్డలు దొరకినచో చంకలలోను, మెడ ప్రక్కలను ఉంచవలెను. స్పృహలేనివాని నోట నీరు పోయరాదు.

పంచాయతీ మొదట చేయదగిన పని

ఊరిలోని అన్ని కప్పులను ఒక్క వేసవిలో తెల్లబరచుట సాధ్యము కాదు. మొదట పంచాయతీ చేతిలోని కప్పులతో ప్రారంభింపవలెను. పంచాయతీ కార్యాలయము, అంగన్‌వాడి, పాఠశాల. అంగన్‌వాడిలో చిన్నపిల్లలు పగలు నిద్రపోవుదురు గనుక దానికి ప్రథమస్థానము ఇయ్యవలెను. పాఠశాల వేసవిలో మూసియుండును. ప్రధానోపాధ్యాయుని అనుమతితో అందొక పెద్దగదికి కప్పు తెల్లబరచి, కిటికీలకు తడకలు కట్టి, రంజనులు పెట్టి, పగలు పదకొండు గంటలనుండి ఐదు గంటలవరకు తెరచి యుంచినచో, పట్టికలోని రేకుల ఇండ్ల వృద్ధులకు అది చల్లని నీడయగును. చలివేంద్రము దారినపోవువానికి, ఈ గది ఇంటిలో నిలువలేనివానికి. నడువలేనివారిని తీసికొనివచ్చుటకు ఆటో ఏర్పాటు చేయవలసి రావచ్చును. రాకకు మొగమాటపడు ముసలివారు ఉందురు. వార్డుసభ్యుడు స్వయముగా పోయి, అవ్వా, తాతా యని పిలిచినచో వత్తురు; నోటీసు అంటించిన రారు.

పూతకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి, మధ్యాహ్నము మూడు గంటలకును రాత్రి తొమ్మిది గంటలకును గదిలోని వేడిమిని గోడకు తగిలించిన చిన్న ఉష్ణమాపకముతో కొలిచి, పూత వేయని గది లెక్కతో సరిపోల్చి వ్రాసి యుంచవలెను. ఎండ రోజురోజునకు మారును గనుక రెండు గదులను ఒకే దినమున కొలుచుట ముఖ్యము. గ్రామసభలో ఆ అంకెలను చదివినచో, ఎవరి కప్పుకు వారు పూత వేసికొనవలెనా వద్దా యని ప్రజలే నిర్ణయించుకొందురు.

ఈ పనికి మే నెల ఆలస్యము. శివరాత్రికి చలి శివశివా యని పోవునందురు. ఆ పండుగకు ముందటి సమావేశములోనే సున్నమునకు, కూలికి తీర్మానము చేసి, ఉగాదినాటికి పూత ముగియునట్లు చూడవలెను.